పన్నెండేళ్ల హాజరు

తన ఖాళీ స్థలంలో ఎవరిదో పెంకుటిల్లు లేచి ఉండటం చూసి పెద్దాయన గబగబా లోపలికి నడిచాడు.

ఇంటి చుట్టూ బీరపాదులు. వసారాలో గళ్లచొక్కా మనిషొకడు చిక్కుళ్లు ఒలుస్తున్నాడు.

“ఎవరు కావాలండీ?”

“నా స్థలం కావాలి.”

“కాస్త ఆలస్యం చేశారు,” అన్నాడు గళ్లచొక్కా, నొచ్చుకుంటున్నట్టు. “పోయిన నెలతో పన్నెండేళ్లు నిండాయి. ఇన్నాళ్లూ ఎవరూ అడ్డు చెప్పకపోతే స్థలం అనుభవిస్తున్నవాడిదేనట. వకీలుని కనుక్కున్నా. కూర్చోండి, మంచినీళ్లు తాగుతారా?”

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య చేతిలో గరిటె కింద పెట్టలేదు.

“పన్నెండేళ్లలో ఒక్కసారి వెళ్లి చూసిరాలేకపోయారా?”

“ఉద్యోగస్థుణ్ణి. తీరికేదే?”

ఆవిడ అదోలా చూసి పొయ్యివైపు తిరిగింది.

ఉన్న ఆస్తల్లా ఆ స్థలమే. అది పోతే రిటైరయ్యాక కూడా అద్దెకొంపే గతి. పెద్దాయన దావా వేశాడు.

కోర్టులో గళ్లచొక్కా బోనెక్కి, తడుముకోకుండా చెప్పాడు. “పన్నెండేళ్లుగా పగలూ రాత్రీ అక్కడే ఉన్నానండి. ఒక్కరోజు కదిలితే ఒట్టు. పాలవాణ్ణి అడగండి.”

పాలవాడూ వచ్చి, నిజమేనని బల్లగుద్ది చెప్పాడు.

పెద్దాయన వకీలు ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ముందురోజే సంపాదించిన కాగితమొకటి బయటికి తీశాడు.

“నువ్వు తూనికల ఆఫీసులో గుమాస్తావి. పన్నెండేళ్లలో ఒక్కపూట నాగా పెట్టలేదని మీ ఆఫీసరు ఇచ్చిన సర్టిఫికెట్ ఇది. పది నుంచి ఐదు దాకా ఆఫీసులో ఉన్నవాడివి, పగలంతా ఇంట్లో ఎలా ఉన్నావయ్యా?”

గెలిచాం అన్నట్టు పెద్దాయన వైపు తిరిగాడు. పెద్దాయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

గళ్లచొక్కా బుర్ర గోక్కున్నాడు. ఉద్యోగమా, ఇల్లా? ఇల్లే నెగ్గింది.

“ఆ ఆఫీసు ఏ వీధిలో ఉందో కూడా మర్చిపోయానండి. ఆఫీసరుగారి మొహం ఈ జన్మలో చూసి ఎరగను.”

“మరి ఈ సర్టిఫికెట్?”

“అదెలా ఇచ్చారో ఆయన్నే అడగాలండి.”

జడ్జిగారు సర్టిఫికెట్ కిందున్న సంతకం చూశారు. దావా కాగితాల్లో చివరి పేజీ తిప్పారు. కళ్లజోడు తీసి పెద్దాయన వైపు చూశారు.

పెద్దాయన చేతులు కట్టుకుని లేచాడు.

“ఆ ఆఫీసర్ని నేనేనండి... నేను వెళ్తే కదండీ, వీడు రావట్లేదని తెలిసేది.”