అబద్ధమాడని ప్రయాణికుడు

బస్సెక్కేటప్పుడు దియెప్ చేతిలో ఉన్నది ఇరవై కిలోల బియ్యం. అదే పెట్టుబడి, అదే ఆస్తి.

ఆ రోజుల్లో సర్కారు ఆంక్షల వల్ల మెకాంగ్ పల్లెల నుంచి సైగాన్ నగరానికి ఒక్కో మనిషి ఐదు కిలోల బియ్యానికి మించి తీసుకెళ్లకూడదు. మించితే దారిలోని తనిఖీ గేటు దగ్గర లాక్కుంటారు.

అందుకే ఆ బస్సుల్లో అందరూ చేసే పనే ఆమె చేసింది. నాలుగు సమాన మూటలు కట్టి, ఒకటి తన దగ్గర ఉంచుకుని, రెండింటిని ఇద్దరు తోటి ఆడవాళ్ల కాళ్ల దగ్గర పెట్టింది. మిగిలినది పక్క సీట్లోని బక్కపలచటి పెద్దాయన ఒళ్లో పెట్టింది. ఆయన కాళ్లకు టైరు చెప్పులు.

“అడిగితే నీ బియ్యమేనని చెప్పు పెద్దాయనా. దిగాక అరటిపండు కొనిపెడతా.”

“ఇలాంటి గేట్లు ఎన్నున్నాయమ్మా?”

“ఏడు. ఏం, పీకేస్తావా?”

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

మొదటి గేటు దగ్గర కాపలాదారు ఖోయ్ ఎక్కాడు. పెద్దాయన గుర్తింపు కార్డు చూసి ఎందుకో ఒక్క క్షణం ఆగిపోయాడు.

“ఈ బియ్యం... మీవేనాండీ?”

“కాదు, ఈమెవి. తన డబ్బుతో కొనుక్కుంది. తప్పేముంది?”

ఖోయ్ వంగి ఆయన చెవిలో ఏదో అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపి ఏదో చెప్పాడు.

అది చూసి బెదిరిన ఆడవాళ్లిద్దరూ తమ దగ్గరి మూటలు ముందుకు నెట్టేశారు. పదిహేను కిలోలు పోయాయి.

“ఒక్క అబద్ధానికి నోరు అరిగిపోతుందా? నా కొంప ముంచావు కదయ్యా!”

ఆయన తర్వాతి ఊళ్లో దిగిపోయాడు.

“అరటిపండు ఆశ వదులుకో!” అని కిటికీలోంచి అరిచింది దియెప్.

మరుసటి ఏడాది గేట్లన్నీ ఎత్తేశారు. ఆమె మూటలు బస్తాలయ్యాయి, బస్తాలు దుకాణమయ్యాయి.

పదేళ్ల తర్వాత దుకాణంలో బస్తాలు దించడానికి వచ్చినవాణ్ణి ఆమె చటుక్కున పోల్చుకుంది. ఖోయ్!

“నా పదిహేను కిలోలూ అరిగాయా తమ్ముడూ?”

“వదిలేయనా అని ఆ రోజు పెద్దాయన చెవిలో అడిగానక్కా. ఆయనే వద్దన్నాడు. ‘నా ముఖం చూసి వదిలితే ఈమె ఒక్కతే గట్టెక్కుతుంది. రేపటి బస్సులో నేనుండను కదా’ అన్నాడు.”

“ఎవరాయన?”

“మన ప్రాంతం పార్టీ కార్యదర్శి. ఏడాదిపాటు పైవాళ్లతో కొట్లాడి గేట్లు పీకించింది ఆయనే. పోయిన నెలే కన్నుమూశాడు.”

ఆ సాయంత్రం దియెప్ అగరొత్తులతోపాటు ఒక అరటిపళ్ల అత్తం కొని ఆయన సమాధి దారి పట్టింది. పోయినవి పదిహేను కిలోలు, దక్కింది ఏడు గేట్లు లేని దారి, ఇవ్వాల్సి మిగిలింది ఒక్క అరటిపండు.