ఆదివారానికొకటి

మిషను తొక్కుతుంటే మోకాళ్లు మెలిపెట్టినట్టు నొప్పి. టైలరు డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"ఎండ మొహం చూసి ఎన్నేళ్లయిందయ్యా?" అన్నాడు డాక్టరు.

కిటికీ లేని గదిలో ఇరవై ఏళ్లుగా కుడుతున్నాడు.

డి విటమిను బిళ్లలు రాసిచ్చాడు డాక్టరు. చీటీ నిండా కోడిగీతలు. అది పట్టుకుని టైలరు బామ్మర్ది మందుల షాపుకి వెళ్లాడు.

మెట్ల మీద చిరుగుల గొడుగుతో ఓ ముసలాయన.

"నా కాగితం నాకిచ్చెయ్ బాబూ," అంటున్నాడు.

"పిచ్చాయన బావా. రోజూ ఇదే పాట." బామ్మర్ది డబ్బా చేతిలో పెట్టాడు. "రోజుకొకటి వేస్కో."

ముసలాయన డబ్బా లాక్కుని చూశాడు.

"అరవై వేల యూనిట్లది. వారానికొకటే. ఎనిమిది వారాలు మింగి ఆపెయ్."

టైలరు చెవి మీది పెన్సిలు తీసి, డబ్బా మీద 'ఆదివారం' అని రాశాడు.

బామ్మర్ది నవ్వాడు.

"వారానికొకటైతే నువ్వు మిషనెక్కేది వచ్చే ఏడే బావా. ఎండేగా ఇది! ఎండ ఎక్కువై ఎవరైనా చచ్చారా?"

"వడదెబ్బకి చస్తారు," అన్నాడు ముసలాయన.

"అక్క మొగుడివి. నీకు చెడు చెప్తానా?" అన్నాడు బామ్మర్ది.

టైలరుకి ఒళ్లు మండింది.

"ఇంటివాడి మాట కాదని దారినపోయే దానయ్య మాట వినాలా? దిగు ముందు!"

రెక్క పట్టుకుని మెట్లు దింపాడు. గొడుగు కింద పడింది. ముసలాయన తీసుకుని, దులుపుకుని వెళ్లిపోయాడు.

టైలరు రెండు నెలలు రోజూ మింగాడు.

నొప్పి పోలేదు. దాహం పట్టుకుంది. బిందెడు నీళ్లు తాగినా నాలుక పిడచకట్టేది. తిన్నది తిన్నట్టే వాంతి.

రక్తపరీక్ష చూసి డాక్టరు తల పట్టుకున్నాడు.

"వారానికొకటని రాశాను కదయ్యా! కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోజూ మింగమన్న మహానుభావుడెవరు?"

గోడలు పట్టుకుంటూ షాపుకి నడిచాడు టైలరు.

"రోజూ అని నేనెప్పుడన్నాను బావా?" బామ్మర్ది తలెత్తలేదు. "డబ్బా మీద ఆదివారమని రాసే ఉందిగా. చూసుకోవద్దూ?"

టైలరు కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయనేడీ?" అన్నాడు.

"పోయాడు. నెలయింది."

టైలరు కళ్లు పైకెత్తాడు. బామ్మర్ది తల వెనక గోడకి అద్దం కట్టిన పటం. ఈ షాపులో మందులివ్వడానికి చదువుకున్న మనిషి ఇతనేనంటూ తగిలించిన సర్టిఫికెట్టు. ఇన్నేళ్లలో ఒక్కసారీ పరీక్షగా చూడలేదు.

అందులో నల్లమీసాలతో ఉన్న ఫొటో ఆ ముసలాయనదే.