భీమారావు వేసిన చెట్టు

నాలుగో రోజు కూడా భీమారావు కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఎదురుగా హాలు గోడ పొడుగునా కట్టిన తెల్లగుడ్డ. గోల్‌బజారులో తానుకి తాను కొని తెచ్చింది. ఏటా దసరాకి రాయపూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లు నాటకం ఆడతారు. యాభై ఒకటో సంవత్సరం వానాకాలంలో వాళ్ల పాత అడవి తెరని ఎలుకలు కొట్టేశాయి. కొత్త తెరకి పెయింటర్ని పిలుద్దామంటే డ్రాయింగు మాస్టారు మల్లేశ్వరరావు ససేమిరా అన్నాడు.

"మనమే వేసుకుందాం. మనిషికో చెట్టు. అడవి దానంతట అదే అవుతుంది."

ఆయనకి అదో పిచ్చి. పదిమందిలో నిలబడి ఒక్క బొమ్మ వేస్తే చాలు, ఎంత పిరికివాడికైనా జంకు వదిలిపోతుందని ఆయన నమ్మకం. అందుకని రెండే రెండు నియమాలు పెట్టాడు. ఏ రంగు వెయ్యాలో పక్కవాళ్లని అడక్కూడదు. ఎవరి బొమ్మకీ ఎవరూ వంక పెట్టకూడదు.

మొదటి నియమం దగ్గరే భీమారావుకి చిక్కొచ్చిపడింది.

నిజానికి అతన్ని అక్కడికి లాక్కొచ్చింది భార్య రమణమ్మ. ఏడాదిగా మనిషి మనిషిలా లేడు. ఏ చిన్నదానికైనా పక్క క్వార్టరు పరదేశి మొహం చూడ్డం అలవాటైపోయింది. డ్యూటీలో పరదేశి పక్కనుండాలి. బజారుకెళ్తే టమాటాలు ఏరేది పరదేశే. ఇక్కడా అదే తంతు. బల్ల మీద కొబ్బరి చిప్పల్లో రంగులు కలిపి పెట్టారు. మాస్టారు అటు తిరిగినప్పుడు పరదేశి చెవిలో ఏదో గొణిగితే తప్ప భీమారావు కుంచె ఏ చిప్పలోనూ మునగదు. ఆ లెక్కన మూడు రోజులకి ఓ మావిడి మాను, నాలుగు కొమ్మలు లేచాయి.

"మావయ్యకి పరదేశిని పెళ్లి చేసీవలసింది!" అని ఎదురింటి వరహాలమ్మ ఎగతాళి చేసింది.

అందరూ నవ్వారు. పరదేశి నవ్వలేదు. నవ్వడానికేముంది? అతనికి బిలాస్‌పూర్ బదిలీ ఆర్డరు వచ్చి రెండు రోజులైంది.

"సోమారం ఎలిపోతన్నాను అప్పా" అన్నాడు రమణమ్మని వరండాలోకి పిలిచి. "ఇన్నాళ్లూ నానున్నాను గాబట్టి నడిచిపోనాది. రేపట్నించి ఉస్తాద్‌కి ఎవులు సెప్తారు?"

"పెద్ద సాబుని అడిగినావా తమ్ముడూ?"

"కాళ్లట్టుకున్నాను. జానా పడేగా, ఎల్లాల్సిందే అన్నాడు."

"అయితే ఆయనే నేర్సుకోవాల. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. ముగ్గురు పిల్లలు. నేర్సుకోకపోతే మా బతుకేటి?"

పరదేశి తల దించుకున్నాడు. "ఇది నేర్సుకుంటే వచ్చీదేనా అప్పా?"

రమణమ్మ లోపల బల్ల ముందున్న మొగుడి వైపు చూసింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన ఎవర్నీ అడక్కుండా సరైన చిప్పలో కుంచె ముంచితే చాలనుకుంది. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. ఎవరూ పలుకుతారన్న నమ్మకం మాత్రం ఆమెకే లేదు.

ఆదివారం పరదేశి రాలేదు. సామాను కట్టుకుంటున్నాడు.

భీమారావు బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. మొహం నిండా చెమట. రమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మాస్టారు వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

"మీ చెయ్యి వణకటం లేదు భీమారావు గారూ. మనసే వణుకుతోంది. ఎవర్నీ అడక్కండి. మీ కన్నుని మీరు నమ్మండి, అంతే!"

భీమారావు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఒక చిప్పలో కుంచె ముంచాడు. మొదలుపెట్టాక ఆగలేదు. గంటసేపట్లో కొమ్మలన్నీ నిండిపోయాయి. చెయ్యి తిరిగిన పనివాడిలా వేశాడు. ప్రతి ఆకుకీ ఈనె, ప్రతి కాయకీ తొడిమ.

ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయి.

"అదేటి మావయ్యా, ఆకులు..." వరహాలమ్మ కిసుక్కున నవ్వబోయింది.

మాస్టారు కళ్లెర్రజేసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. రెండో నియమం! ఆమె నాలిక్కరుచుకుంది. మాస్టారే ముందుగా చప్పట్లు కొట్టాడు.

"శభాష్! ఇలాంటి చెట్టు ఈ అడవిలో ఇంకొకటి లేదు!"

హాలంతా చప్పట్లు మోగాయి. భీమారావు వెనక్కి తిరిగాడు. ఏడాది తర్వాత అతని మొహం మీద నవ్వు.

"రమణా, సూసినావా? ఎవుల్నీ అడగనేదు!"

రమణమ్మ చెట్టు వైపు చూసింది. ఆమె కళ్ల వెంట నీళ్లు జలజలా కారాయి. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నారంతా. మాస్టారు కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఆ పూట భీమారావు రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. "పరదేశిని ఎల్లనీయే. ఇంక నాకెవులూ అక్కర్లేదు" అన్నాడు. చెప్పేద్దామని రమణమ్మ మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ ఆ నవ్వు మొహం చూసి, ఆ పిల్లల్ని చూసి, మూసేసుకుంది. ఇక ఏ దేవుడికీ మొక్కాలనిపించలేదు.

మర్నాడు తెల్లవారుజామున, చీకటి ఇంకా విడవకముందే, విజయనగరం పాసింజరు డ్రైవరు భీమారావు ఇంజనెక్కి, దూరంగా వెలుగుతున్న సిగ్నలు దీపం కేసి ఒక్కసారి చూసి, పక్కనున్న కొత్త ఫైర్‌మన్‌ని ఏమీ అడక్కుండానే బండి కదిలించాడు.