తెల్లపూత

బిడ్డ మళ్ళీ పాలు కక్కేసింది.

నోట్లో పాలు పడడం ఆలస్యం, ముఖం తిప్పుకుని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు వీధిలోకి పోకూడదని ఆమె గబగబా కిటికీ రెక్కలు మూసింది.

"ఇలా ఇవ్వు, చూద్దాం" అంటూ కింది వాటాలో ఉండే ఇంటావిడ లోపలికొచ్చింది. బిడ్డ గడ్డం మెల్లగా కిందికి లాగి, తడిగుడ్డతో నాలుక తుడిచి చూసింది. తెల్లటి పొర కదల్లేదు.

"ఇది పాలపొర కాదే తల్లీ, పూత. తొడల సందున చూడు, ఎలా ఎర్రగా పొక్కిపోయిందో! డాక్టరుకి చూపించకుండా ఏం చేస్తున్నారు మొగుడూ పెళ్ళాలూ?"

"ఆయన వద్దంటున్నారు పిన్నిగారూ."

ఎందుకు వద్దంటున్నాడో ఇంటావిడకి తెలుసు. మేడమీద వాటాలో దిగిన రోజే ఆమె కన్నీళ్ళు పెట్టుకుని చెప్పుకుంది. పెద్దవాళ్ళని కాదని చేసుకున్న పెళ్ళి అట. ఎక్కడున్నారో తెలిస్తే పుట్టింటివాళ్ళు వచ్చి బిడ్డను లాక్కుపోతారట. అందుకే వాళ్ళ తలుపు పగలూ గడియ వేసే ఉండేది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, భర్త కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని బిగుసుకుపోయేవాడు.

"అతను పనికెళ్ళాడుగా. నే తీసుకెళ్తా, పద" అంది ఇంటావిడ. ఆమె తటపటాయించింది. బిడ్డ ఎండిపోయిన పెదాలు చూసి చెప్పులు వేసుకుంది.

డాక్టరమ్మ టార్చి వేసి బిడ్డ నోరు చూసింది.

"ఫంగస్. కంగారేం లేదు. ఈ చుక్కలు పాలు తాగాక నాలుక మీదా బుగ్గల లోపలా పూయండి. తొడలకి ఈ క్రీము. తగ్గింది కదా అని మధ్యలో మానేయకండి, మళ్ళీ తిరగబెడుతుంది. తల్లిపాలేనా?"

ఆమె బిడ్డ పొత్తిగుడ్డ సర్దుతూ తల ఎత్తకుండానే ఊపింది.

"అయితే మందు ఇద్దరికీ వాడాలి. లేకపోతే బిడ్డ నుంచి తల్లికీ, తల్లి నుంచి బిడ్డకీ అంటుకుంటూనే ఉంటుంది. మొన్న ఒకావిడ వచ్చింది, ఒక్కతే, చేతిలో బిడ్డ లేకుండా. రొమ్ముల్లో మంట తట్టుకోలేక ఏడ్చేసింది పాపం. మీకెలా ఉంది?"

"నాకేం లేదండీ."

డాక్టరమ్మ కలం ఆగింది. "అసలేం లేదా? పక్కగదిలోకి రండి, ఒకసారి చూస్తాను."

"వద్దండీ!" ఆమె బిడ్డను గుండెలకి హత్తుకుని చటుక్కున లేచింది.

"సిగ్గులెండి, చిన్నపిల్ల" అని ఇంటావిడ నవ్వేసింది. ఇల్లెక్కడని డాక్టరమ్మ అడిగితే, ఆమె నోరు తెరిచేలోగానే గుర్తులతో సహా చెప్పేసింది.

సంగతి విని భర్త తల పట్టుకున్నాడు.

"బుద్ధుందా నీకు? ఇల్లు కూడా చెప్పొచ్చావా?"

"నేను చెప్పలేదండీ, పిన్నిగారు..."

"ఎవరు చెప్తే ఏం, కొంప మునిగింది!"

"పాలు తాగట్లేదు. ఇది నా చేతుల్లో పోతే నేను బతకలేను."

అతను చేతులు కడుక్కొచ్చి బిడ్డ తల కదలకుండా పట్టుకున్నాడు. ఆమె వేలికి శుభ్రమైన గుడ్డ చుట్టుకుని మందు పూసింది. తెల్లారాక ఇల్లు ఖాళీ చేసేద్దామనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి బట్టల సంచులు సర్దడం అయింది. అతను ఆటో కోసం వెళ్ళాడు. బిడ్డ మొదటిసారి కక్కకుండా కడుపునిండా తాగి నిద్రపోయింది. ఆ ముఖం చూస్తూ ఆమె తనలో తనే నవ్వుకుంది.

మెట్ల మీద అడుగులు. అతనివి కావు. బూట్ల చప్పుడు. ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు.

తలుపు దబదబా కొట్టారు. "తియ్యకపోతే పగలగొడతాం!"

ఆమె బిడ్డను ఎత్తుకుని గడియ తీసింది. పోలీసుల ముందు డాక్టరమ్మ. ఆమె పక్కన ఎవరో స్త్రీ, జుట్టు రేగిపోయి, కళ్ళు వాచిపోయి, ఒంటికి కొంగు గట్టిగా చుట్టుకుని ఉంది.

"ఎవరు నువ్వు? నా బిడ్డ జోలికి రాకు!" అని చేతుల్లోని బిడ్డను అదుముకుంటూ అరిచిందామె.

ఆ అరుపుకి బిడ్డ ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు చెవిన పడగానే గుమ్మంలో నిలబడ్డ స్త్రీ జాకెట్టు పాలతో తడిసిపోయింది.