శుక్రవారం ప్రశ్న

“ఒక చెవిటి ముసలాయన కోసం ఇంత పెద్ద ఆసుపత్రి రెండేళ్లుగా ఒక కిటికీ తెరిచి పెట్టుకొనుంది. సిగ్గుండాల మీకందరికీ.”

చిత్తూరు నుంచి తనిఖీకి వచ్చిన కృష్ణస్వామి ప్రశ్నల పుస్తకాన్ని బల్ల మీద పడేశాడు. కిటికీ లోపల మందుల సలహాలు చెప్పే అమృతవల్లి తలెత్తలేదు.

డిశ్చార్జి అయినవాళ్లు ఇంటికి పోయేముందు మందుల గురించి ఏదైనా అడగొచ్చని 1981లో తిరుపతి ఆసుపత్రిలో ఆ కిటికీ పెట్టారు. పెట్టి, దాని మీద బోర్డు ఇంగ్లీషులో రాశారు. చీటీలూ ఇంగ్లీషే. పక్కన మందులిచ్చే కిటికీ దగ్గర ఎప్పుడూ వరస. సలహా కిటికీ దగ్గర ఈగలు. ఇప్పుడు దీనివల్ల ఉపయోగముందా, మూసేయాలా అని తేల్చడానికి ఒక ఫారం, ఆ ఫారం పట్టుకుని ఒక మనిషి. జనం ఎందుకు అడగరో తేల్చడానికి మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు.

“నూటా నలభై ప్రశ్నలు. తొంభై ఈ నగరి కుప్పయ్యవే. తొంభైసార్లూ ఒకటే ప్రశ్న. పైగా గట్టిగా చెప్పు, గట్టిగా చెప్పు అంటాడంట. వరండాలో అరుపులు భరించలేకున్నామని వార్డువాళ్ల ఫిర్యాదు కూడా ఉంది. ఇన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదంటే తప్పెవరిదమ్మా?”

“ఆయనకు అర్థమయింది సార్.”

“మరి?”

ఆమె నోరు తెరిచేలోపే కుప్పయ్య వచ్చాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. శుక్రవారం వస్తే నగరి బస్సు దిగి తిన్నగా ఇక్కడికే. చేతిలో మడతలు చిరిగిన డిశ్చార్జి చీటీ. మందుల వరసలో నలుగురే ఉన్నారు. అటు చూసి, కిటికీ దగ్గరికి రాకుండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

“తిన్నావా పెద్దాయనా?” అంది అమృతవల్లి. ఎవరొచ్చినా ఆమె మొదట అడిగేది అదే. మందు సంగతి చెప్పాలంటే తిండి సంగతి తెలియాలి.

“బస్టాండులో రెండిడ్లీ తిన్నా తల్లీ. నన్ను ఆ మాటడిగేది నువ్వొక్కదానివే.”

“ఊసుపోక వచ్చే బాపతు,” కృష్ణస్వామి గొణుక్కున్నాడు.

“అట్లే అనుకో సారూ,” అన్నాడు కుప్పయ్య స్తంభం దగ్గర్నుంచే.

కృష్ణస్వామి వెళ్లి చీటీ తీసుకుని చూశాడు. గంగులమ్మ. చక్కెర జబ్బు. 1979.

“ఎవరప్పా ఈమె?”

“మా ఆడామె.”

“ఒకసారి ఆమెనే పిల్చకరా. ఆమెకే చెప్తాం, పనైపోతుంది.”

“యాడ్నించి పిల్చకొచ్చేది సారూ. ఈ చీటీ ఇచ్చిన మర్నాడే పాయ. ఇల్లు జేరేలోపల మొక్కు తీర్సాలనింది. శనివారం ఒక్కపొద్దు. మాత్ర తప్పకుండా ఏసుకోమన్నారు గదా, ఏసుకునింది. ఉత్తకడుపుతో అలిపిరి కాడ కొండ మెట్లెక్కింది. సగం దావలో ఉండే గాలిగోపురం గూడా సేరలా.”

ఒక్కపొద్దు మాట ఆసుపత్రిలో ఎవరూ చెప్పరు. చెబితే మొక్కు వద్దంటారని భయం. డాక్టర్లూ అడగరు.

కృష్ణస్వామి కిటికీ దగ్గరికి తిరిగొచ్చాడు. “నీకు తెలుసా ఇది?”

“తెలుసు సార్. ఆయనకింకెవరూ లేరు. వారమంతా ఆ ఇంట్లో మాట్లాడేదానికి మనిషి లేదు.”

“పాపమే. అయితే దానికి ఆసుపత్రి ఎందుకు?” చచ్చిపోయిన మనిషి కోసం అడిగిన ప్రశ్నలు లెక్కలోకి రావని ఫారంలో రాశాడు. తొంభై కొట్టేశాడు. “సోమవారం నుంచి మూసేయండి.”

అమృతవల్లి పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

ఈలోపు వార్డుల నుంచి డిశ్చార్జి అయినవాళ్లు దిగారు. మందుల వరస వరండా దాటి బయటి మెట్ల దాకా పోయింది. చానామంది చేతుల్లో పసుపుగుడ్డ ముడుపులు. రేపు కొండెక్కేవాళ్లే.

అప్పుడు లేచాడు కుప్పయ్య. కిటికీ ఊచలు పట్టుకుని, ఎప్పటిలాగే అరిచాడు. “తల్లీ, మా ఆడామె రేపు ఒక్కపొద్దుతో కొండెక్కతాది. సక్కెర జబ్బు మాత్ర ఏసుకోవచ్చునా?”

తొంభై ఒకటోసారి అమృతవల్లి చెప్పింది. “ఉత్తకడుపుతో ఏసుకోగూడదు పెద్దాయనా. ఏసుకుంటే తినాల. చెమటలు పట్టి కళ్లు తిరిగితే వెంటనే బెల్లం నోట్లో ఏసుకోవాల.”

అప్పుడే మందులు తీసుకున్న ఒకామె కొంగుముడి విప్పి మాత్రల పొట్లం కేసి చూసుకుంది.

కృష్ణస్వామి ఫారం మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు.

“గట్టిగా సెప్పు తల్లీ, వరస కడాన నిలబడినోళ్లకు ఇనపళ్లేదు.”