ఆఖరి రోజు, అరువు కారు

రేసు ట్రాక్ గేటు దాటేసరికి అన్సెల్మో చేతిలో ఉన్నవి ఒక అరువు కారు, చూపు పోయిన తండ్రి, ఇంకా బయటపడని అబద్ధం.

పాత స్పేర్ పార్టులు కొని అమ్మే మనిషి. ఏ సరుకు ఎంతకాలం నిలుస్తుందో చేత్తో తూచి చెప్పగలడు. ఈ అబద్ధం మధ్యాహ్నం దాకా నిలిస్తే చాలని అతని లెక్క.

"కారు ఫోర్డేనా?" అడిగాడు తండ్రి ఎవరిస్తో, కొడుకు మోచెయ్యి పట్టుకుని నడుస్తూ.

"ఫోర్డే నాన్నా. షెవర్లేలో నిన్నెక్కించి నేను బతుకుతానా?"

"అదీ." ముసలాయన తలాడించాడు.

అది షెవర్లే. పైగా బాబాయి బాల్డొమేరోది. అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఒకే ఫోర్డును ఇదే ట్రాక్ మీద వంతులేసుకుని నడిపారు. తమ్ముడు షెవర్లే కొన్న రోజున అన్న అతన్ని గడప తొక్కొద్దన్నాడు. ఈ పాంపా గడ్డిమైదానాల ఊళ్ళలో మతం మారినవాణ్ణి క్షమిస్తారు గానీ కారు మారినవాణ్ణి క్షమించరు. పాతికేళ్ళుగా మాటల్లేవు. ఆ ఫోర్డు తుప్పుపట్టి, చివరికి అన్సెల్మో కొట్లోనే ముక్కలై అమ్ముడుపోయింది.

రేపట్నించి ట్రాక్ ఉండదు. దున్ని సోయా వేస్తారట. ఈలోగా కొడుకు నడుపుతుంటే పక్కన కూర్చుని ఒక్కసారి తిరగాలని ముసలాయన కోరిక. అన్సెల్మో ఏనాడూ ఈ ట్రాక్ మీద స్టీరింగు పట్టలేదు. ఇక్కడి వేగానికి తట్టుకునే కారు ఊళ్ళో బాబాయి దగ్గర ఒక్కటే ఉంది. ఎవరిదో తెలిస్తే నాన్న దిగిపోతాడు. రేపు తిరుగుదామంటే ట్రాక్ ఉండదు.

నాన్నకి చెవులు కూడా మందగించాయన్నది ఒక్కటే ధైర్యం. ఇంట్లో ఏది చెప్పినా "ఆఁ?" అని మళ్ళీ అడుగుతాడు.

కారు పక్కన బాబాయి నిలబడి ఉన్నాడు, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు ఒక చేతిలో, ఆకు కషాయం మాతే తాగే గిన్నె మరో చేతిలో. కారిస్తూ అతను అడిగింది ఒకటే: "దూరం నుంచి మా అన్నని చూడనిస్తావా?" రమ్మన్నాడు అన్సెల్మో, నోరు మాత్రం విప్పొద్దన్నాడు.

"ఎవరక్కడ?" అన్నాడు ఎవరిస్తో.

"ట్రాక్ పనివాడు నాన్నా. గొంతు పట్టేసిందట, మాట రావడంలేదు."

"మంచిదే. నా గొడవలన్నీ మాట్లాడేవాళ్ళతోనే."

బాబాయి గిన్నె అందించాడు. మాతే ఆకులో ఎండిన నారింజ తొక్క వాసన. ముసలాయన గొట్టం నోట పెట్టుకుని మెల్లగా పీల్చాడు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకోసారి వాసన చూశాడు.

"నీళ్ళు మరీ మరగబెట్టేశాడు," అని గొణిగి ఖాళీ గిన్నె తిరిగిచ్చాడు. థాంక్స్‌కి ఇక్కడి మాట గ్రాసియాస్, అది అనలేదు. మాతే ఇక చాలనుకున్నవాడే ఆ మాటంటాడు. బాబాయి మళ్ళీ పోశాడు.

కారు ముందువైపు ఉన్న కంపెనీ గుర్తు తండ్రి చేతికి తగలకుండా అన్సెల్మో ఆయన్ని నేరుగా తలుపు దగ్గరికి నడిపించి కూర్చోబెట్టాడు. ఇంజన్ గర్జించింది.

"మొదటి చుట్టు మెల్లగా పోనీ," అన్నాడు ఎవరిస్తో. "టైర్లు వేడెక్కాలి, నీ బుర్ర చల్లబడాలి."

"అలాగే."

"కారు ముక్కు కేసి చూస్తున్నావు కదూ? వెళ్ళాల్సిన చోటు చూడు. కళ్ళెటుపోతే చేతులటే పోతాయి."

అన్సెల్మో తలెత్తాడు. రోడ్డు ఒక్కసారిగా వెడల్పయినట్టనిపించింది.

"మలుపు రాకముందే బ్రేకు పని ముగించెయ్. మలుపులో పడ్డాక కంగారుపడి తొక్కావంటే ఇద్దరం గడ్డి మేస్తాం. ఎడమ పక్కన నీళ్ళ ట్యాంకు ఉందా ఇంకా?"

"ఉంది."

"అది దాటగానే బ్రేకు తొక్కు."

తొక్కాడు. కారు ముందుకు వంగి, నిదానించి, నూనె రాసినట్టు మలుపులోకి జారింది.

"ఒకవేళ రోడ్డు తప్పితే?"

"వెంటనే వెనక్కి తిప్పకు. గడ్డిలోకి పోతే పోనీ. గడ్డిలోంచి తిరిగి రావచ్చు. పౌరుషానికి పోయి లాగినవాడే బోల్తాపడతాడు."

రెండో చుట్టులో ముసలాయన ఉన్నట్టుండి తల పక్కకి వంచాడు. "వెనక ఒకడొస్తున్నాడు. దారియ్యి."

అద్దంలో ఎవరూ లేరు. అంతలో మలుపు చాటునుంచి ఒక ఎర్రకారు బయటపడింది.

"దారిస్తే చిన్నతనం కాదూ?"

"వాడు నీకన్నా వేగంగా ఉన్నాడు, అంతేగా. అది ఒప్పుకుంటే ఇద్దరూ ఇల్లు చేరతారు." ఎర్రకారు శబ్దం కేసి తల తిప్పి అన్నాడు, "నాకది ఆలస్యంగా తెలిసింది."

ఎర్రకారు దూసుకుపోయింది. ముందు తిన్నని రోడ్డు మిగిలింది.

"ఇప్పుడు తొక్కు," అన్నాడు ఎవరిస్తో.

అన్సెల్మో తొక్కాడు. జనం కూర్చునే గ్యాలరీ మెట్లు, జెండా కర్రలు, కంచె అన్నీ ఒక్క గీతగా కలిసిపోయాయి. ముసలాయన చిన్నపిల్లాడిలా నవ్వుతూ ముందున్న డాష్‌బోర్డును అరచేత్తో తట్టాడు.

"బాగా లాగుతోందిరా మన ఫోర్డు."

అన్సెల్మో అవునంటూ వేగం తగ్గించాడు.

"చివరి చుట్టు నిదానంగా తిప్పు. వేడి మీద ఆపితే ఇంజన్ పాడవుతుంది. చల్లారనిచ్చి ఆపాలి."

కారు ఆగాక అన్సెల్మో లెక్క చూసుకున్నాడు. అబద్ధం నిలిచింది. కారుకి గీత పడలేదు. నాన్న కోరిక తీరింది. బాబాయి దూరం నుంచి కాదు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి అన్నను చూసుకున్నాడు. ఇంత మోసం చేసి ఎవరికీ నష్టం రాని బేరం తన జన్మలో ఇదే మొదటిది.

బాబాయి ఇంకో మాతే పోసిచ్చాడు. ఎవరిస్తో తాగాడు. ఈసారీ గ్రాసియాస్ అనకుండానే గిన్నె చాచాడు, అందుకోవడానికొచ్చిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.

"గొంతు బాగయ్యాక ఇంటికి రారా, తమ్ముడూ."