గోడ నీడన మేకలు

ఆ సాయంత్రం రామసుబ్బయ్య శెట్టి చేతిలో ఉన్నవి ఇవి: ఐదు గదుల హైస్కూలు, సున్నం ఆరని గోడలు, నూట పన్నెండు మంది పిల్లలు, ఊరికి తాను ఇచ్చిన మాట.

లేనిది ఒక్కటే. సర్కారు గుర్తింపు.

రాష్ట్రం ఏర్పడి రెండేళ్లయింది. గిద్దలూరు దారిలోని ఆ ఊళ్లో కమిటీ పెట్టుకున్న బడి అది. గుర్తింపు రాకపోతే ఆఖరి తరగతిలోని ఇరవై ముగ్గురికి ఈ ఏడు పబ్లిక్ పరీక్ష లేదు. "నేను తెస్తా" అని అందరి ముందూ అన్నది కమిటీ ప్రెసిడెంటు శెట్టే.

ఆయనది మార్కాపురం పలకల వ్యాపారం. పెట్టె కట్టే ముందు ప్రతి పలకనూ వేలితో తట్టేవాడు. ఖంగుమంటే పెట్టెలోకి, మొద్దుగా మోగితే పక్కకు. అంచు చిట్లినదాన్ని తట్టకుండానే అవతల పడేసేవాడు.

మర్నాడు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన్ను తీసుకురావడానికి హెడ్మాస్టరు బ్రహ్మం గిద్దలూరు స్టేషనుకు పోయాడు. శెట్టి ఒక్కడే, పెట్టె కట్టే ముందు పలకలు చూసినట్టు బడిని చూస్తూ తిరిగాడు.

గోడ నీడన అంకాలమ్మ కూర్చుని ఉంది. చుట్టూ పది మేకలు. రోజూ ఉండేదే.

"ఏమమ్మా, ఇది బడి అనుకున్నావా, దొడ్డి అనుకున్నావా?"

"ఎండకు కూచున్నా సామీ. గంట కొడితే పోతా."

"రేపు పెద్ద ఆఫీసరొస్తాండాడు. మేకలతో ఈ చాయల కనబడినావంటే బందెలదొడ్డికి తోలిస్తా."

"అది కాదు సామీ, రేపు..."

"రేపటి మాటే చెప్తాండా. లెయ్!"

ఆమె మేకలను లేపుకొని రోడ్డవతలికి పోయింది. శెట్టి పెంటికలు ఊడ్పించి, నీళ్లు చల్లించి, తృప్తిగా ఇంటికి పోయాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గదులు కొలిపించాడు. పుస్తకాలు లెక్కపెట్టాడు. కుండలో నీళ్లు తాగి చూశాడు. అన్నిటికీ తల ఊపాడు.

చివరికి హాజరు పట్టీ తెరిచాడు.

"తొమ్మండుగురు ఆడపిల్లలు. ఏడాదంతా ఒక్క రోజు కూడా నాగా లేదు. ఎక్కడున్నారు?"

ఆడపిల్లలు కూర్చునే ముందు బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

"పట్టీలో పేర్లుండి, బెంచీ మీద పిల్లలు లేని బళ్లు చాలా చూశానండీ. ఈ తొమ్మిదీ అబద్ధమైతే, మిగతా నూట మూడూ ఎలా నమ్మమంటారు?"

బ్రహ్మం బయటికి పరుగెత్తి గోడ వైపు చూశాడు.

"శెట్టిగారూ, మేకలామె ఏది?"

"నిన్ననే తరిమినా గదా!" గొప్పగా అన్నాడు శెట్టి.

"కొంప ముంచినారు! ఆ పిల్లలు అడవి పక్క పల్లె నుంచి నాలుగు మైళ్లు నడిచొస్తారు. దావలో వాగుంది, ఎలుగుల భయముంది. ఆమె తోడుంటేనే వాళ్ల నాయనలు పంపుతారు. సాయంత్రం దాకా ఆ గోడకాడ కాచుకోనుండేది వాళ్ల కోసమే."

"నాకు చెప్పొద్దా?"

"మీరు అడిగినారా?"

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంట దాకా ఉంటాను."

శెట్టి సైకిలెక్కాడు.

వాగు కాడ ఎదురయ్యారు. తొమ్మండుగురూ వరసగా, పుస్తకాలు తల మీద పెట్టుకొని వస్తున్నారు. ముందు అంకాలమ్మ. వెంట ఒక్క మేక లేదు.

శెట్టిని చూసి ఆమె గతుక్కుమంది.

"మేకల్ని తేలేదు సామీ, ఒట్టు! కాసేపు చూడండంటే ఎవరూ ఒప్పుకోలే. కట్టేసి, మేతకు రొంత కొమ్మ కొట్టేసి వచ్చేతలికి పొద్దెక్కింది. పిల్లల్ని ఏమీ అనొద్దు."

శెట్టి సైకిలు దిగి, నడిపించుకుంటూ వాళ్ల వెనకే నడిచాడు.

"ఏం తాతా, చైను ఊడిందా?" అంది ఒక పిల్ల.

"ఊడిందిలేమ్మా."

పిల్లలు కిసుక్కున నవ్వారు.

బడికి చేరేసరికి పన్నెండున్నర. ఇన్‌స్పెక్టరు పేరు పేరునా పిలిచాడు. తొమ్మిది గొంతులు పలికాయి. కలం తీశాడు.

గుర్తింపు వచ్చింది. ఆడపిల్లల హాజరుకు జిల్లాలో ఇచ్చే షీల్డు కూడా ఆ ఏడు ఆ బడికే దక్కింది.

షీల్డు ఇచ్చే రోజు శెట్టి వేదిక మీద తన పక్కనే అంకాలమ్మకు కుర్చీ వేయించాడు. మంచి నేత చీర ఒకటి తెచ్చి పెట్టాడు. తొమ్మండుగురూ వచ్చారు. ఆమె రాలేదు.

"అవ్వ ఏదమ్మా?"

"కూతురి కాన్పుకని నిన్ననే పామూరు పోయింది తాతా," అంది అందరిలోకీ పెద్దపిల్ల మాలకొండమ్మ.

"మరి మీరెట్ల వచ్చినారు?"

"మేమే వచ్చినాం. ఇంతమందిమి ఉన్నాం గదా, భయమేంది?"

శెట్టి నవ్వి చీర చేతికి తీసుకున్నాడు. "సరే, మీలో ఆమె మనవరాలెవరు? ఇది నువ్వే ఇద్దువు రా."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అవ్వ మాకెవరికీ ఏమీ కాదు తాతా."

"ఏమీ కాదా? మరి ఎందుకొస్తాది రోజూ?"

మాలకొండమ్మ తనకు తెలిసింది చెప్పింది.

విన్నాక శెట్టి చీరను ఖాళీ కుర్చీలో మెల్లగా పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. కింద తొమ్మండుగురూ షీల్డును చేతులు మార్చుకుంటూ తమ మొహాలు అందులో చూసుకుంటున్నారు.

ఆ రోజుకు ఆయన చేతిలో ఉన్నవి: గుర్తింపు కాగితం, ఇత్తడి షీల్డు, పబ్లిక్ పరీక్ష రాసిన ఇరవై ముగ్గురు, భయం లేకుండా నడిచొచ్చే తొమ్మండుగురు. ఇవన్నీ తెచ్చిపెట్టింది అంకాలమ్మ, ఐదో తరగతిలో ఫస్టు వచ్చి కూడా దావలో తోడు లేక బడి మానిన ఒక పిల్ల తల్లి.